బీటీయూ అంకె చూసి గ్రిల్లు కొనకండి: గ్యాస్ గ్రిల్లుల గురించి అపోహలు - వాస్తవాలు

గ్రిల్లు కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "ఇది ఎన్ని బీటీయూలండీ?" బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం. చెప్పగానే పక్కనున్న దాని అంకె కూడా అడుగుతారు. రెండింట్లో ఏది పెద్దదైతే దాని వైపే మొగ్గుతారు. గ్యాస్ గ్రిల్లులు అమ్మడం, బిగించడం, పాడైతే బాగుచేయడం నా పని. ఇంటిల్లిపాదీ ఆరుబయట కలిసి వండుకు తినడానికని మధ్యరకం ధరలో కొనేవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. లెక్కచూసి ఖర్చుపెట్టేది వీళ్ళే, ఈ ఒక్క అంకెను నమ్మి ఎక్కువ నష్టపోయేదీ వీళ్ళే. అందుకే ముందు దీని సంగతి చెబుతాను. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: బీటీయూ ఎంత ఎక్కువ ఉంటే గ్రిల్లు అంత బాగా వేడెక్కుతుంది.

వాస్తవం: బర్నర్లన్నీ పూర్తిగా తిప్పినప్పుడు గంటకు ఎంత గ్యాస్ కాలుతుందో ఆ అంకె చెబుతుంది. అంతవరకే. పుట్టిన వేడిలో మీరు పెట్టిన ముక్కకు ఎంత చేరుతుంది, సందుల్లోంచి ఎంత గాలిలో కలిసిపోతుంది అన్నది ఆ అంకెలో లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి గ్రిల్లు డబ్బా మీద 60,000 బీటీయూ అని పెద్ద అక్షరాలతో ఉందనుకోండి. వివరాల కాగితం తిరగేస్తే అందులో 12,000 పక్క బర్నరుది అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. పక్క బర్నరు మీద గిన్నె పెట్టుకోవచ్చుగానీ గ్రేటు (ముక్కలు పెట్టి కాల్చే కడ్డీల చట్రం) మీది మాంసానికి దాని సెగ తగలదు. తీసేస్తే మిగిలేది 48,000. ఆ గ్రిల్లు అసలు గ్రేటు 640 చదరపు అంగుళాలు. అంటే ఒక్కో చదరపు అంగుళానికి 75. ఇప్పుడు ఎవరూ కన్నెత్తి చూడని రెండో గ్రిల్లు: 36,000 బీటీయూ, గ్రేటు 400 చదరపు అంగుళాలు. అంగుళానికి 90. చిన్న అంకె ఉన్న గ్రిల్లే గ్రేటు మీద ఎక్కువ వేడి ఇచ్చే అవకాశం ఉంది. మామూలుగా 75 నుంచి 100 మధ్య ఉంటే ఇంటి వంటకు సరిపోతుంది.

భాగించేటప్పుడు అసలు గ్రేటు కొలతే తీసుకోండి. చాలా కంపెనీలు 'మొత్తం వంట స్థలం' అని రాసేదాంట్లో పైన వేలాడే వెచ్చబెట్టే జాలీని కూడా కలిపేస్తాయి. దాని మీద కాల్చేదేమీ ఉండదు, కాలినవి చల్లారకుండా పెట్టుకుంటాం.

ఈ లెక్క కూడా సగం కథే. మిగతా సగం కాగితం మీద ఉండదు, చేత్తో పట్టి చూడాలి. మూత ఎత్తి అటూ ఇటూ కదపండి. పలచటి రేకు అయితే వంగుతుంది, గడగడలాడుతుంది. అలాంటి మూత సెగను పట్టి ఉంచలేదు. మూత వేసి పక్కల నుంచి చూడండి, పెట్టెకూ మూతకూ మధ్య పెద్ద ఖాళీలు ఉండకూడదు. వెనకవైపు పొగ పోయే సందు మాత్రం ఉండి తీరాలి. కాలిన గాలి అక్కడి నుంచే బయటికి పోతుంది. వేడి నిలుస్తుందని దానికి రేకు చుట్టేసేవాళ్ళను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. తర్వాత గ్రేటును రెండు చేతులతో పైకి తీయండి. బరువుగా ఉందా? పోత ఇనుముదైనా, లావు స్టీలు కడ్డీలదైనా బరువున్న గ్రేటు వేడిని దాచుకుంటుంది. చల్లటి ముక్క పెట్టినప్పుడు ఒక్కసారిగా చల్లారిపోదు. ముక్క మీద ఎర్రటి చారలు పడేది ఈ దాచుకున్న వేడితోనే. గ్రేటు కింద, బర్నర్ల పైన గుడారంలా వంచిన రేకులుంటాయి. అవి బర్నర్ల పొడవునా ఉన్నాయా, మధ్యలో పెద్ద ఖాళీలు వదిలారా అన్నదీ చూడండి. ఖాళీ ఉన్నచోట కారిన కొవ్వు నేరుగా మంట మీద పడి భగ్గుమంటుంది.

ఒక కుటుంబం గుర్తొస్తోంది. నలుగురే ఉండే ఇల్లు. అంకె చూసి ఐదు బర్నర్ల గ్రిల్లు కొన్నారు, నా దగ్గర కాదు. వేడెక్కడం లేదు, బర్నర్లు మార్చాలేమో చూడమని పిలిచారు. వెళ్ళి చూస్తే బర్నర్లు శుభ్రంగా మండుతున్నాయి, నీలి మంట, ఏ లోపమూ లేదు. గ్రేటు తేలికపాటి తీగలది, మూత పలచన. పైగా గ్రిల్లు వీపు గాలి వచ్చే దిక్కుకు ఉంది. వెనక సందులోంచి గాలి లోపలికి కొట్టి సెగనంతా ముందుకు తోసేస్తోంది. మాంసం ఎర్రగా కాలకుండా తన నీళ్ళలో తనే ఉడుకుతోంది. గ్రిల్లును తిప్పి పెట్టించాను, మూత వేసి పదిహేను నిమిషాలు కాగనివ్వమన్నాను. కొంత మెరుగైంది. కానీ రేకు మందం నేను పెంచలేను కదా. "ఇంట్లో అందరికీ బాగుండాలని అన్నిటికన్నా పెద్దదే తెచ్చామండీ" అంది ఆ ఇల్లాలు. ఆవిడ ఆశ తప్పు కాదు. ఆమెకు చూపించిన అంకెదే తప్పు. ఆ ఒక్క అంకె చూసి కొనొద్దని అమ్మినవాళ్ళు ముందే చెప్పి ఉండాల్సింది.

గ్యాస్ ఖర్చు కూడా ఆ అంకెతోనే ముడిపడి ఉంది. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌లో, అంటే సుమారు 9 కిలోల దాంట్లో, దాదాపు 4,30,000 బీటీయూల ఇంధనం ఉంటుంది. పూర్తి మంట మీద 48,000 గ్రిల్లుకు అది తొమ్మిది గంటలు వస్తుంది, 36,000 దానికి పన్నెండు గంటలు. నలుగురికి వండినప్పుడల్లా పెద్ద పెట్టెను కాగబెట్టడానికి అయ్యే గ్యాస్ ఏటా మీద పడుతూనే ఉంటుంది.

అపోహ: మంట చిన్నగా వస్తోందంటే గ్రిల్లు పాడైనట్టే.

వాస్తవం: బాగుచేయడానికి నన్ను పిలిచేవాటిలో దీని వాటా పెద్దది, చాలాసార్లు బాగుచేయడానికి ఏమీ ఉండదు. నిన్నటిదాకా బాగా కాలిన గ్రిల్లు ఇవాళ ఎంత తిప్పినా 130, 150 డిగ్రీల సెల్సియస్ దాటదు. బంధువులు వచ్చి కూర్చున్నారు, పిల్లలకు ఆకలి. ఆ టెన్షన్‌లో కొత్త రెగ్యులేటర్, కొత్త బర్నర్లు కొనేస్తారు.

జరిగేది ఇది. పైపు తెగితే గ్యాస్ మొత్తం బయటికి తన్నుకు రాకుండా చాలా ప్రొపేన్ కనెక్షన్లలో ఒక రక్షణ ఏర్పాటు ఉంటుంది. గ్యాస్ ఒక్కసారిగా వేగంగా పారితే అది పైపు తెగిందనుకుని ప్రవాహాన్ని బాగా తగ్గించేస్తుంది. గ్రిల్లు నాబ్ ముందే తెరిచి ఉంచి ఆ తర్వాత సిలిండర్ వాల్వ్ తిప్పినా, వాల్వ్‌ను ఒక్క ఊపున తెరిచినా ఇదే జరుగుతుంది. నాబ్‌లన్నీ, సిలిండర్ వాల్వ్ మూసేయండి. రెగ్యులేటర్‌ను సిలిండర్ నుంచి విప్పండి. మూత ఎత్తి, నాబ్‌లు ఒక నిమిషం తెరిచి ఉంచి మళ్ళీ మూయండి. రెగ్యులేటర్ బిగించి, వాల్వ్‌ను మెల్లగా, చాలా మెల్లగా తెరవండి. కాసేపు ఆగి, మూత ఎత్తే ఉంచి వెలిగించండి. చాలా గ్రిల్లులు ఇక్కడే దారికొస్తాయి. ఇలా చేశాక కూడా మంట రాకపోతే అప్పుడు పిలవండి.

నీలి మంట పోయి పసుపు మంట వస్తుంటే అది వేరే సంగతి. బర్నర్ గొట్టంలో గాలి, గ్యాస్ కలిసే చోట సాలీళ్ళు గూళ్ళు కడతాయి. కొన్నాళ్ళు వాడకుండా ఉంచిన గ్రిల్లులో ఇది మామూలే. సన్నటి పొడుగు బ్రష్‌తో శుభ్రం చేయకుండా వెలిగిస్తే మంట వెనక్కి, నాబ్‌ల వైపు రావచ్చు.

అపోహ: గ్యాస్ గ్రిల్లు ఇంట్లో పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పేలుతుంది.

ఈ భయంతో వచ్చేవాళ్ళ మీద నాకు విసుగు రాదు. విసుగల్లా అసలు జాగ్రత్త చెప్పకుండా భయపెట్టే వీడియోలు పంచేవాళ్ళ మీదే. గ్యాస్ లీకును ఎవరైనా కనిపెట్టగలరు. గిన్నెలు తోమే సబ్బు, నీళ్ళు సమానంగా కలపండి. బర్నర్ల నాబ్‌లు మూసి, సిలిండర్ వాల్వ్ తెరిచి, ప్రతి కీలు మీదా, పైపు పొడవునా బ్రష్‌తో రాయండి. బుడగలు ఉబ్బితే లీకు ఉన్నట్టే. వాల్వ్ మూసి, ఆ కీలు బిగించి మళ్ళీ చూడండి. ఇంకా వస్తుంటే ఆ భాగం మార్చేదాకా వెలిగించవద్దు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. అగ్గిపుల్ల గీసి చూడటం మాత్రం ఎప్పుడూ వద్దు.

ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌ను ఇంటి లోపల, నేలమాళిగలో పెట్టకూడదు. బయట, నిటారుగా ఉంచాలి. వానొచ్చిందని గ్రిల్లును గ్యారేజీలోకి తోసి, తలుపు సగం తెరిచి వండటం నేను ఎక్కువగా భయపడే అలవాటు. గాలి చాలని చోట మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, మనకు తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. కారిన కొవ్వు పట్టే ట్రేలో మంట లేస్తే గ్యాస్ కట్టేసి మూత వేయండి, నీళ్ళు పోయకండి. ట్రే ఎప్పటికప్పుడు శుభ్రం చేసే ఇంట్లో ఆ పరిస్థితే దాదాపు రాదు.

మిగతావి త్వరగా.

"గ్యాస్ మీద కాలిస్తే గ్యాస్ వాసన వస్తుంది." రాదు. ప్రొపేన్ సరిగ్గా మండితే మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. కాల్చిన రుచి కారిన కొవ్వు బర్నర్ల పైని వేడి రేకుల మీద పడి పొగై పైకి లేవడం వల్ల వస్తుంది. తినేటప్పుడు నిజంగా గ్యాస్ వాసన వస్తోందంటే ఎక్కడో మండని గ్యాస్ ఉందని అర్థం, వెంటనే కట్టేయండి.

"స్టీలు కాబట్టి తుప్పు పట్టదు." ఏ స్టీలన్నదే ప్రశ్న. 304 రకం చాలాకాలం నిలుస్తుంది, 430 రకానికి తేమలో మచ్చలు పడతాయి. షాపుకు చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. గట్టిగా అతుక్కుంటే 304 కాకపోవచ్చు. మధ్యరకం ధరలో అంతా 304 దొరకదు. తలుపుల మెరుపు సంగతి వదిలేసి, తుప్పు ముందుగా తినేసేది బర్నర్లనే కాబట్టి అవి ఏ స్టీలువో, వాటికి ఎన్నేళ్ళ వారంటీ ఇస్తున్నారో అడగండి.

"బర్నర్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది." మూడు చాలు. ఒకవైపు పెద్ద మంట, మరోవైపు మంట లేకుండా ఉంచి, లావు ముక్కలను నెమ్మదిగా ఉడకనివ్వడానికి మూడు బర్నర్లు బాగా పనికొస్తాయి. రెండుతో కూడా ఆ పని అవుతుంది, చోటు తక్కువ.

"మూత మీది థర్మామీటర్ చెప్పిందే వేడి." అది మూత దగ్గరి గాలి వేడి, గ్రేటు దగ్గర లెక్క వేరు. ముక్క లోపలికి గుచ్చి చూసే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి. పిల్లలకు పెట్టే మాంసం ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం.

"మా ఇంటికి పైపు గ్యాస్ ఉంది, సిలిండర్ తీసేసి దానికి తగిలించేయొచ్చు." వద్దు. పైపులో వచ్చే సహజవాయువుకు పీడనం వేరు, దాన్ని వదిలే రంధ్రం ప్రొపేన్ దానికన్నా పెద్దదిగా ఉండాలి. మార్చే భాగాలు కొన్ని మోడళ్ళకే కంపెనీ ఇస్తుంది, కొన్నింటికి అసలు ఇవ్వదు. పైపు గ్యాస్ మీదే వాడాలనుకుంటే కొనేముందే ఆ మాట చెప్పి, దానికోసమే తయారైన గ్రిల్లు అడగండి. పైపు లైను బిగించే పని లైసెన్సు ఉన్న మనిషికే అప్పగించండి.