విత్తనం పడ్డా మొలవని ఇసుక

మనవైపు చేను రెండేళ్లు బీడు పెడితే చాలు, అడక్కుండానే తుమ్మలు లేస్తాయి. ఉష్ణమండల అడవుల్లో ఇది ఇంకా వేగం. సాగుకో పశువుల మేతకో నరికి వదిలేసిన నేలల్లో 20 ఏళ్లకే పాత అడవి లక్షణాలు సగటున 78 శాతం వరకు తిరిగొస్తాయని 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. మొద్దులు చిగురుస్తాయి, గబ్బిలాలూ పిట్టలూ గింజలు తెచ్చి పడేస్తాయి, మట్టి ఎలాగూ అక్కడే ఉంటుంది.

బంగారం తవ్విన చోట ఆ మట్టే ఉండదు. పెరూలోని అమెజాన్ అడవుల్లో ఉన్న మాద్రె దె దియోస్ ప్రాంతంలో నీళ్లను పైపుతో గట్టిగా కొట్టి నేలను బురదగా మార్చి, మోటారుతో లాగి, వాలు తొట్టెల మీదుగా పారిస్తారు. బరువైన బంగారు రేణువులు అడుగున ఆగుతాయి, వాటిని పాదరసంతో పట్టుకుంటారు, బంకమట్టీ ఆకుల ఎరువూ మాత్రం నీళ్లతో పాటే కొట్టుకుపోతాయి. చివరికి మిగిలేవి గుంతల్లో నిలిచిన నీళ్లు, పక్కన కొన్నిచోట్ల 30 అడుగుల ఎత్తు ఇసుక దిబ్బలు.

ఇక్కడ చెట్లు రాకపోవడానికి పాదరసమే కారణమని చాలామంది అనుకుంటారు. అది విషమే, చేపల్లోకీ మనుషుల్లోకీ చేరుతుంది, అందులో అనుమానం లేదు. కానీ దక్షిణ అమెరికాలోదే అయిన గయానా దేశంలో వదిలేసిన బంగారు గనులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మొక్కలకు అసలు అడ్డు నత్రజని కొరత అని తేలింది. మూడు నాలుగేళ్లు గడిచినా గుంతల్లో చెట్టన్నది దాదాపు లేదు.

పెరూ మీద 2025లో వచ్చిన పరిశోధన ఇంకో కారణం చూపింది: దాహం. నేలలోకి చిన్నపాటి కరెంటు పంపి తడి ఎంత లోతున ఉందో చూశారు. మామూలు నేలతో పోలిస్తే ఈ దిబ్బల్లోంచి వాన నీళ్లు 100 రెట్ల వరకు వేగంగా దిగిపోతున్నాయట. పైన ఇసుక వేడి 60 డిగ్రీలు దాటుతోంది. అంత వానలు పడే అమెజాన్‌లో మొక్క నీళ్లు లేక చావడమంటే నాకైతే నమ్మబుద్ధి కాలేదు, కానీ కారే కుండలో ఎంత పోస్తే ఏం లాభం?

పచ్చదనం కనిపించేది ఎక్కువగా చెరువుల అంచుల్లో, పల్లంలో, అంటే వేళ్లకు తడి అందే చోట. అందుకే దిబ్బ మీద మొక్కలు నాటి ఫోటో దిగే కార్యక్రమాలంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. ముందు దిబ్బను చదును చేసి గుంతలు పూడిస్తే వేళ్లకు భూగర్భజలం దగ్గరవుతుంది, ఆ తర్వాత నత్రజనిని నేలకు చేర్చే చిక్కుడు జాతి చెట్లు వేసినా బతికే అవకాశం ఉంటుంది.