చామంతి ముద్ర నుంచి కాస్మోలిన్ పెట్టెల దాకా: పాత సైనిక రైఫిళ్ల సేకరణ వెనుక కథ

జపాన్ సైన్యం వాడిన అరిసాకా రైఫిల్ చేతికి రాగానే తెలిసినవాళ్లు ముందు దాని రిసీవర్ (బారెల్ వెనక, తూటా ఎక్కే ఉక్కు భాగం) పైభాగం చూస్తారు. అక్కడ పదహారు రేకుల చామంతి పువ్వు ఉండాలి. అది చక్రవర్తి ముద్ర. చాలా రైఫిళ్ల మీద పువ్వు బదులు ఆకురాయితో అరగదీసిన మచ్చ కనిపిస్తుంది. 1945లో లొంగిపోయాక, చక్రవర్తి గుర్తున్న ఆయుధం పరాయి చేతికి పోకూడదని ఆ ముద్రను చెరిపి మరీ అప్పగించారు. పువ్వు చెక్కుచెదరకుండా ఉందంటే, ఆ రైఫిల్ చాలావరకు యుద్ధం జరుగుతుండగానే ఏ దీవిలోనో చిక్కి, ఒక సైనికుడి సామానులో ఇంటికి చేరి ఉంటుంది. అందుకే దానికి ఎక్కువ ధర పలుకుతుంది.

సేకరణ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ ధరల తేడాతోనే మొదటి తలనొప్పి. మోడల్, ఫ్యాక్టరీ, తయారైన ఏడాది అన్నీ ఒకటే అయినా ఒక రైఫిల్ చవగ్గా దొరుకుతుంది, ఇంకోదాన్ని ముట్టుకోలేం. ఆ తుపాకీ సైన్యం నుంచి ఏ దారిన బయటికొచ్చిందో తెలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఆ దారి ఎక్కువగా అమెరికా మీదుగా వెళ్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

సైన్యాలు వద్దనుకున్న ఆయుధాల్ని టోకున కొని, కేటలాగ్ వేసి జనానికి అమ్మడాన్ని పెద్ద వ్యాపారంగా మార్చినవాళ్లలో న్యూయార్క్‌కు చెందిన ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్ ముఖ్యుడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక, పట్టుబడిన స్పానిష్ సామగ్రిని భారీగా కొన్నాడు. అంత మందుగుండు నగరం మధ్యలో పెట్టుకోవడం కుదరక 1900లో హడ్సన్ నదిలోని పోలెపెల్ దీవిని కొని, కోట ఆకారంలో గోదాము కట్టించాడు. 1920లో అక్కడి మందుగుండు కొట్టు పేలిపోయింది. కోట శిథిలాలు ఇప్పటికీ నది మధ్యలో ఉన్నాయి.

అసలు వరద రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. సైన్యాలన్నీ ఆటోమేటిక్ ఆయుధాలకు మారుతుంటే, గుండు గుండుకీ బోల్ట్ లాగి పేల్చే పాత రైఫిళ్లు గుట్టలుగా మిగిలాయి. 1953లో శామ్యూల్ కమింగ్స్ పెట్టిన ఇంటరార్మ్‌కో కంపెనీ వాటిని దేశదేశాల్లో కొని, వర్జీనియాలోని అలెగ్జాండ్రియా గోదాములకు చేర్చింది. అప్పట్లో వాటిని చరిత్రగా చూసినవాళ్లు తక్కువ. చవగ్గా వచ్చే వేట తుపాకీ అనే జనం కొన్నారు. ముందువైపు కర్ర కోసేశారు, బారెల్ కురచ చేశారు, టెలిస్కోప్ బిగించడానికి రంధ్రాలు వేశారు. ఇలా మార్చినవాటిని స్పోర్టర్ అంటారు. ఎంత మంచి రైఫిళ్లు అలా పాడయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కోత పడని రైఫిల్‌కు ఈ రోజు అంత విలువ రావడానికి ఒక కారణం ఆ రంపాలే.

అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చిన లీ హార్వీ ఓస్వాల్డ్ 1963లో పోస్టులో తెప్పించుకున్న ఇటాలియన్ కార్కానో రైఫిల్ కూడా ఈ మిగులు సరుకులోదే. టెలిస్కోప్‌తో కలిపి ప్రకటనలో దాని ధర 19.95 డాలర్లు. కెనెడీ హత్య తర్వాత ఐదేళ్లకు, 1968లో వచ్చిన తుపాకుల చట్టం పోస్టు ద్వారా అమ్మకాల్ని కట్టడి చేసింది, విదేశీ సైనిక మిగులు ఆయుధాల దిగుమతిని ఆపేసింది. 1984లో చట్టం సవరించి, చారిత్రక వస్తువుల కోవలోకి వచ్చే పాత సైనిక తుపాకులకు మళ్లీ తలుపు తెరిచారు. తయారై 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవి మామూలుగా ఈ కోవలోకి వస్తాయి. వీటి కోసం సేకర్తలకు ప్రత్యేక లైసెన్స్ ఉంది. మూడేళ్లకు 30 డాలర్లు. దాంతో సొంత సేకరణకు కొనుక్కోవచ్చు, వ్యాపారం చేయకూడదు. ఒక్కో దేశంలో ఒక్కో రూలు కాబట్టి, ఎక్కడివాళ్లయినా డబ్బు కట్టకముందే అక్కడి చట్టం చదవాలి.

సోవియట్ కూటమి కూలాక గోదాములు తెరుచుకున్నాయి. కాస్మోలిన్ అనే చిక్కటి గ్రీజులో మునిగిన, రష్యన్ సైన్యం వాడిన మోసిన్-నాగాంట్ రైఫిళ్లు పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి. ఒక్కోటి వంద డాలర్ల లోపే దొరికిన రోజులున్నాయి. వాటితోపాటు, యుద్ధంలో ఎర్రసైన్యం స్వాధీనం చేసుకున్న జర్మన్ మౌజర్ కె98కె రైఫిళ్లూ వచ్చాయి. కొత్తవాళ్లు బాగా అర్థం చేసుకోవాల్సింది వీటినే. సోవియట్ డిపోల్లో వీటిని ఊడదీసి, శుభ్రం చేసి, చేతికందిన భాగాలతో మళ్లీ బిగించారు. బోల్ట్ ఒక రైఫిల్‌ది, అడుగు ప్లేటు ఇంకోదానిది. తర్వాత లోహం మీద గీసే విద్యుత్ పెన్సిల్‌తో రిసీవర్ నంబరునే మిగతా భాగాల మీదా గీశారు. కర్ర మీద ఎర్రటి లక్క పూత, రిసీవర్ మీద చాలావాటికి ఎక్స్ గుర్తు ఉంటాయి. అది నిజమైన జర్మన్ రైఫిలే, దాని చరిత్రా నిజమే. కానీ ఫ్యాక్టరీలో పడిన నంబర్లన్నీ కలిసే రైఫిల్ ధరకు దాన్ని కొంటే మోసపోయినట్టే. అమెరికాలో దిగుమతిదారు పేరు, ఊరు తుపాకీ మీద కొట్టాలన్న నియమం ఉంది కాబట్టి, బారెల్ మీద ఆ సన్నటి అక్షరాలు వెతకాలి. అవి ఉంటే, సైనికుడు నేరుగా ఇంటికి తెచ్చిందని ఎవరు చెప్పినా అనుమానించాలి.

ఇంకో సంగతి ప్రాణాలకు సంబంధించింది. అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్ల రిసీవర్లు 1917లో కొన్ని పగిలిపోయాయి. ఉక్కు ఎంత కాలిందో అప్పటిదాకా పనివాళ్లు రంగు చూసి కంటితోనే అంచనా వేసేవారు. ఎండ కాసే రోజు ఒకలా, మబ్బు రోజు ఒకలా కనిపించేది. దాంతో కొన్ని ఎక్కువ కాలి పెళుసుబారాయి. వీటిని తయారుచేసిన రెండు ఫ్యాక్టరీల్లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సుమారు 8,00,000, రాక్ ఐలాండ్‌లో 2,85,507 సీరియల్ నంబర్ల దగ్గర పద్ధతి మార్చారు. అంతకన్నా తక్కువ నంబరున్నవి దాచుకోవడానికి బాగుంటాయి, పేల్చకూడదు. మిగతా ఏ పాత రైఫిలైనా పేల్చేముందు తెలిసిన మెకానిక్‌కు చూపించాలి. పాత సైనిక తూటాల ప్రైమర్ (మందును అంటించే చిన్న భాగం) వదిలే ఉప్పు తేమ పీల్చి బారెల్‌ను తినేస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, ముందు నీళ్లతో కడగాలి.

గోదాముల్లో సరుకు తగ్గిపోయింది కాబట్టి ఇకపై రైఫిళ్లు ఎక్కువగా ముసలి సైనికుల ఇళ్ల నుంచే వస్తాయి. అమెరికన్ సైనికులు శత్రువు ఆయుధాన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే అప్పట్లో అధికారి సంతకం చేసిన అనుమతి పత్రం ఉండాల్సి వచ్చేది. కొన్నింటి మీద తుపాకీ నంబరు కూడా ఉంటుంది. అమ్మే కుటుంబాన్ని ఆ కాగితం గురించి అడగండి. చాలాసార్లు అది పాత ఉత్తరాల మధ్యే ఉంటుంది, అదేమిటో తెలియక ఇంట్లోవాళ్లు పారేస్తుంటారు.