డైజెస్టర్‌లో సూక్ష్మజీవులు: అపోహలు - వాస్తవాలు

బయోగ్యాస్ ప్లాంట్లు నడపడం నా పని. గ్యాస్ తగ్గిందంటే అందరూ ముందు పైపుల్ని, మోటారుని అనుమానిస్తారు. డైజెస్టర్ (వ్యర్థాల్ని గాలి లేకుండా కుళ్లబెట్టే ట్యాంకు) లోపల పనిచేసే జీవులు ఆఖరికి గుర్తొస్తాయి. వాటి గురించి నాకు తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: గ్యాస్ చేసేది ఒక రకం బ్యాక్టీరియా.

బయోగ్యాస్‌లో మండే భాగం మీథేన్. దాన్ని చేసేవి అసలు బ్యాక్టీరియానే కావు, ఆర్కియా అనే వేరే వర్గం సూక్ష్మజీవులు. ఈ తేడాను 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ బయటపెట్టారు. పైగా అవి కూరగాయ తొక్కల్ని నేరుగా తినలేవు. ముందు కొన్ని బ్యాక్టీరియా పిండిపదార్థాల్ని, ప్రొటీన్లని, కొవ్వుల్ని విడగొట్టాలి. కొన్ని వాటిని ఆమ్లాలుగా మార్చాలి. ఇంకొన్ని ఆ ఆమ్లాల నుంచి అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లం రూపం), హైడ్రోజన్ తీయాలి. అప్పుడు గానీ మీథేన్ జీవుల వంతు రాదు. అవి హైడ్రోజన్‌ని ఎప్పటికప్పుడు వాడేయకపోతే, దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పని కూడా ఆగిపోతుంది. వీటి బంధం ఎంత దగ్గరిదంటే, ఒకే జీవి అనుకుని పేరు పెట్టిన మిథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీలో నిజానికి రెండు జీవులున్నాయని 1967లో గానీ తేలలేదు.

అపోహ: ఎంత ఎక్కువ వ్యర్థం వేస్తే అంత ఎక్కువ గ్యాస్.

ప్లాంట్లను ఎక్కువగా దెబ్బతీసే నమ్మకం ఇదే. ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతాయి. అసిటేట్ తినే మీథేన్ జీవులకు రోజులు పడుతుంది. ఒక్కసారిగా ఫీడ్ (లోపల వేసే వ్యర్థం) పెంచితే ఆమ్లాలు పేరుకుపోతాయి, తినేవాళ్లు చాలరు.

మొదట్లో ఇది పైకి కనిపించదు. గ్యాస్ వస్తూనే ఉంటుంది, కానీ అందులో కార్బన్ డయాక్సైడ్ వాటా పెరుగుతుంది. బర్నర్ దగ్గర మంట నిలవదు, ఎగిరి ఆరిపోతుంది. స్లర్రీ (ట్యాంకులోని చిక్కటి ద్రవం) పుల్లటి వాసన కొడుతుంది. పీహెచ్ మాత్రం ఇంకా 7 దగ్గరే ఉండొచ్చు, ఎందుకంటే స్లర్రీలోని క్షారత ఆమ్లాన్ని కొంతకాలం ఆపుతుంది. అందుకే పీహెచ్ ఒక్కటే చూసి ధైర్యంగా ఉండొద్దంటాను. ఆమ్లాలకు, క్షారతకు ఉన్న నిష్పత్తి చూడాలి. అది 0.4 దాటి పెరుగుతూ పోతుంటే ఫీడ్ ఆపాల్సిందే.

టెన్షన్‌లో సున్నం కుమ్మరించడం ఇంకో తప్పు. సున్నం కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసుకుంటుంది, ట్యాంకులో ఒత్తిడి పడిపోతుంది. అవసరమైతే సోడియం బైకార్బనేట్ కొద్దికొద్దిగా కలపండి. అన్నిటికంటే మంచి మందు ఫీడ్ ఆపి ఓపిక పట్టడమే.

అపోహ: ప్యాకెట్‌లో అమ్మే సూక్ష్మజీవుల కల్చర్ వేస్తే సరిపోతుంది.

బాగా నడుస్తున్న డైజెస్టర్ స్లర్రీయో, పశువుల తాజా పేడో తెచ్చి వేయండి. అందులో అన్ని గుంపులూ ఉంటాయి. లోపల పరిస్థితి బాగోలేకపోతే ఎంత ఖరీదైన కల్చరైనా నిలవదు. ఆహార వ్యర్థాలే వేసే చోట నికెల్, కోబాల్ట్ లాంటి సూక్ష్మపోషకాలు తక్కువపడొచ్చు. మీథేన్ తయారీలో ఆఖరి మెట్టు నడిపే ఎంజైముకు నికెల్ తప్పనిసరి.

అపోహ: వేడి ఎంత ఉంటే అంత మంచిది.

35-40 డిగ్రీల దగ్గర ఒక సమూహం, 50-57 దగ్గర మరో సమూహం బాగా పనిచేస్తాయి. ఏది ఎంచుకున్నా అది నిలకడగా ఉండాలి. ఇటూ అటూ ఊగితే రెండూ దెబ్బతింటాయి.

అపోహ: ఏ సేంద్రియ వ్యర్థమైనా గ్యాస్ అయిపోతుంది.

కట్టెలోని లిగ్నిన్ గాలి లేనిచోట దాదాపు కరగదు. కొమ్మలు కంపోస్టుకే పంపండి.

అపోహ: బయటికొచ్చిన స్లర్రీలో సారం ఉండదు.

పోయేది చాలావరకు కార్బనే. నత్రజని లోపలే మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం మొక్కలు వెంటనే తీసుకోగల అమ్మోనియం రూపంలోకి మారుతుంది. కాకపోతే స్లర్రీని తెరిచి ఉంచితే ఆ నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. పైగా బయటి తొట్టిలోనూ మీథేన్ జీవులు పని ఆపవు, ఆ మీథేన్ నేరుగా గాలిలో కలుస్తుంది. తొట్టికి మూత పెట్టి, ఆ గ్యాస్ కూడా పట్టండి.