పేలిన చుక్క ఎంత దూరం? మధ్యలో ధూళి ఎంత?

"చుక్క మసగ్గా కనిపిస్తే దూరంగా ఉందనే ఎందుకు అనుకోవాలి? మధ్యలో ఏదైనా అడ్డం ఉండొచ్చు కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. విశ్వంలో దూరాలు కొలిచేవాళ్లకు అసలు టెన్షన్ ఇదే.

టైప్ 1ఏ సూపర్నోవాలు శ్వేత కుబ్జ తారల (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రాల) పేలుళ్లు. వాటి అసలు వెలుగు ఎంతో తెలుసు కాబట్టి, మనదాకా వచ్చిన వెలుగును బట్టి దూరం లెక్కకడతారు. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని బడిలో బట్టీ పట్టిస్తారు. దారి ఖాళీగా ఉంటేనే ఆ సూత్రం పనిచేస్తుందన్న మాట కూడా అప్పుడే చెప్పాలి.

2014 జనవరిలో సప్తర్షి మండలం వైపున్న ఎం82 గెలాక్సీలో ఒక సూపర్నోవా కనిపించింది. దూరం దాదాపు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ గెలాక్సీ నిండా ధూళే. కంటికి కనిపించే కాంతిలో ఆ చుక్క సుమారు 2 మాగ్నిట్యూడ్లు (చుక్కల వెలుగును కొలిచే మెట్లు) మసకబారింది, అంటే ఆరో వంతు వెలుగే మనకు చేరింది. ధూళి సంగతి మరిచి లెక్కకడితే దూరం 3 కోట్ల కాంతి సంవత్సరాలని తేలుతుంది!

ధూళి నీలి కాంతిని ఎక్కువగా, ఎరుపును తక్కువగా ఆపుతుంది. చుక్క ఎంత ఎర్రబడిందో చూసి ధూళిని అంచనా వేయొచ్చు. కానీ ధూళి అంతటా ఒకే రకం కాదు. మసకకూ ఎర్రదనానికీ ఉండే నిష్పత్తి మన పాలపుంతలో సగటున 3.1 అయితే, ఎం82 సూపర్నోవాకు 1.4 దగ్గర వచ్చింది. ఏ అంకె వాడాలో ముందే ఎలా తెలుస్తుంది?

ఎరుపు దాటి ఇన్‌ఫ్రారెడ్‌లోకి వెళ్తే ఈ చిక్కు చాలావరకు వదులుతుంది. 2.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పాలపుంత ధూళి వల్ల కలిగే మసక, మాగ్నిట్యూడ్లలో చూస్తే, కంటికి కనిపించే కాంతిలో కలిగేదానిలో తొమ్మిదో వంతే. అప్పుడు నిష్పత్తి కాస్త తప్పినా దూరం పెద్దగా చెడదు.

ఇంకా అందమైన విషయం, ఇన్‌ఫ్రారెడ్‌లో ఈ పేలుళ్ల గరిష్ఠ వెలుగు దాదాపు ఒకేలా ఉంటుంది. కంటికి కనిపించే కాంతిలో అయితే నెమ్మదిగా ఆరేవి ఎక్కువ వెలుగుతాయి, ఆ తేడాను సరిచేయాలి. పైగా ఇన్‌ఫ్రారెడ్‌లో ఒకసారి తగ్గిన వెలుగు కొన్ని వారాలకు మళ్లీ పెరుగుతుంది. పేలుడు శకలాలు సుమారు 7000 కెల్విన్లకు చల్లబడినప్పుడు, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము, కోబాల్ట్ అయాన్లు ఒకదాన్ని తిరిగి పట్టుకుంటాయి. అప్పటి నుంచి అవి నీలి కాంతిని మింగి, ఆ శక్తిని ఇన్‌ఫ్రారెడ్‌గా వదులుతాయి.

2018లో సుహైల్ ధావన్, సౌరభ్ ఝా, బ్రూనో లైబుండ్‌గుట్ ఈ పద్ధతిలో విశ్వ విస్తరణ రేటును మెగాపార్సెక్‌కు (దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 72.8 కిలోమీటర్లుగా తేల్చారు. ప్లాంక్ ఉపగ్రహం ఆదిమ విశ్వపు కాంతి నుంచి రాబట్టిన విలువ 67.4. ఈ తేడాకు సూపర్నోవాల ముందున్న ధూళే కారణమైతే, కంటికి కనిపించే కాంతిలోని సూపర్నోవాలతో వచ్చిన అంకె ఇన్‌ఫ్రారెడ్‌లో బాగా మారాలి. మారలేదు.