మొక్కజొన్న కవరు

పోయినేడు బెజవాడ వన్‌టౌన్లో వంకాయలు కొంటే, కొట్టతను కవరు చేతికిస్తూ "ఇది ప్లాస్టిక్ కాదండీ, మొక్కజొన్నది. మట్టిలో కలిసిపోద్ది" అన్నాడు. మామూలు కవరులా గరగరమనలేదు, మెత్తగా రబ్బరులా సాగింది. ఓ ముక్క బాల్కనీ తొట్టిలో పాతాను. ఆరు నెలలకి తవ్వితే అంచులు చిట్లాయి కానీ, ముక్క ముక్కలాగే ఉంది.

మొక్కనుంచి పుట్టినంత మాత్రాన మట్టిలో కలవాలని లేదు. అసలు తొలి ప్లాస్టిక్కులు మొక్కలవే. 1860లలో దూదిలోని సెల్యులోజ్‌ని నైట్రిక్ ఆమ్లంతో మార్చి, కర్పూరం (మనం హారతికి వెలిగించేదే) కలిపి సెల్యులాయిడ్ చేశారు. దువ్వెనలూ సినిమా రీళ్లూ దానితోనే. తర్వాత చమురు చౌకగా దొరికాక పాలిథీన్ రాజ్యమేలింది.

1926లో ఫ్రాన్స్‌లో మారిస్ లెమువాన్ అనే శాస్త్రవేత్త ఒక విచిత్రం చూశాడు. కొన్ని బ్యాక్టీరియాలు, మనం కొవ్వు దాచుకున్నట్టు, ఒంట్లో పాలిమర్ (చిన్న అణువులు గొలుసుగా అల్లుకున్న పదార్థం, ప్లాస్టిక్కులన్నీ ఇలాంటివే) దాచుకుంటాయి. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1930లలో అమెరికా రసాయనాల కంపెనీ డ్యుపాంట్‌లో కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త లాక్టిక్ ఆమ్లంతో పాలిమర్ చేసి చూశాడు. కానీ అతనికి పేరు తెచ్చింది నైలాన్.

ఆ లాక్టిక్ ఆమ్లమే పెరుగును పులిపించేది. మొక్కజొన్న పిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి, వచ్చిన ఆమ్లాన్ని గొలుసులుగా అల్లితే పీఎల్ఏ అనే ప్లాస్టిక్. 2002లో అమెరికాలోని నెబ్రాస్కాలో పెద్ద ఫ్యాక్టరీయే పెట్టారు. చిక్కల్లా, ఆ ప్లాస్టిక్ త్వరగా మట్టిలో కలవాలంటే తడితో పాటు 60 డిగ్రీల దరిదాపు వేడి వారాల తరబడి ఉండాలి. రోహిణీ కార్తె ఎండ ఎంత మండినా తొట్టి మట్టిలో అంత వేడి నిలవదు.

పైగా ఇలాంటి మెత్తటి కవర్లలో చాలావాటికి సాగే గుణమిచ్చేది పీబీఏటీ అనే ఇంకో ప్లాస్టిక్. అది ఎక్కువగా చమురునుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు తినేస్తాయి. చెరకునుంచి తీసిన పాలిథీన్ బ్రెజిల్‌లో ఉంది. మొక్కదే అయినా దాన్ని సూక్ష్మజీవులు ముట్టవు!

2022 జులై 1న దేశమంతా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. కవర్లకు మందం నిబంధన పెరిగింది. కంపోస్టయ్యే కవర్లకు మాత్రం ఆ మందం లెక్క లేదు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ చాలు. ఆ నంబరు కవరు మీద అచ్చువేయాలి.

ఇంట్లో మిగిలిన కవరు తిప్పి తిప్పి చూశాను. ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. నంబరు లేదు.