మళ్లీ కొట్లు మూయిస్తారా? గోదావరి డెల్టా వ్యాపారుల్లో ఉన్న అపోహలు, ఖాతాలు చెప్పే వాస్తవాలు

2025 మే నెలాఖరు. కేరళలో కొవిడ్ కేసులు పెరుగుతున్నాయని టీవీల్లో రోజంతా వస్తోంది. రాజోలు దగ్గర బట్టల కొట్టు నడిపే ఒకాయన ఫోన్ చేశారు. “మళ్లీ మూసేస్తారట కదండీ, సూరత్‌కు అడ్వాన్సు పంపమంటారా, ఆపమంటారా?” ఆషాఢం వెళ్లగానే శ్రావణం పెళ్లిళ్లు. ఆ చీరలు జూన్‌లోనే చెప్పుకోవాలి. పంపమన్నాను. ఆయనకు భయం తీరలేదు, ఆపేశారు. ఆ వేసవిలో మన జిల్లాల్లో ప్రభుత్వం ఒక్క కొట్టునూ మూయించలేదు. శ్రావణంలో పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లకు చూపించడానికి ఆయన దగ్గర పాత సరుకే మిగిలింది. వాళ్లంతా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి కొనుక్కున్నారు.

రావులపాలెంలో ఇరవై ఏళ్లుగా చిన్న వ్యాపారుల ఖాతాలు, పన్నులు చూస్తున్నాను. ఇటు కోనసీమ, అటు సిద్ధాంతం వంతెన దాటితే పశ్చిమ గోదావరి. కిరాణా, ఎరువులు, రొయ్యల మేత, షామియానాలు, కొబ్బరి వ్యాపారం, అన్ని రకాల పుస్తకాలూ నా బల్ల మీదకు వస్తాయి. కొత్త వేరియంట్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. జవాబు సగం తెలిసి నష్టపోతున్నవాళ్లను చూస్తున్నాను కనుక తెలిసినంతా రాస్తున్నాను.

అపోహ: కేసులు పెరిగితే మూసివేత ఖాయం.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. ఆ నాలుగు గంటల జ్ఞాపకమే ఇంకా మనల్ని భయపెడుతోంది. కానీ ఆ తర్వాత జరిగింది వరుసగా చూడండి. 2021లో రెండో దశ మొదటిదానికన్నా ఎంతో ఘోరమైనది. అయినా దేశమంతటికీ ఒకే మూసివేత పెట్టలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి ఉదయం 6 మొదలు మధ్యాహ్నం 12 వరకు కొట్లు తెరవనిచ్చి, తర్వాత కర్ఫ్యూ పెట్టారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు కర్ఫ్యూ పెట్టింది రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకే. అదీ సంక్రాంతికి సొంతూళ్లకు వచ్చేవాళ్లు ఇబ్బంది పడతారని పండుగ దాటాక, 18వ తేదీ నుంచి అమలు చేశారు. సినిమా హాళ్లలో సగం సీట్లు, వేడుకలకు మనుషుల పరిమితి, అంతే. 2023 డిసెంబరులో జేఎన్.1 వేరియంట్ వచ్చింది, 2025లో మరికొన్ని వచ్చాయి. వ్యాపారాల మీద ఆంక్షలు రాలేదు.

ఎందుకు తగ్గుతూ వచ్చిందో తెలిస్తే రేపటి సంగతి అంచనా వేయవచ్చు. 2020లో మూసింది కేసుల సంఖ్యను చూసి కాదు. అప్పటికి దేశంలో బయటపడినవి కొన్ని వందలే. టీకా లేదు, ఎవరి ఒంట్లోనూ నిరోధక శక్తి లేదు, ఆసుపత్రులు సిద్ధంగా లేవు. 2021 జూన్, జూలైలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన రక్త పరీక్షల సర్వేలో దేశంలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. 2022 జూలై 17 నాటికి దేశంలో 200 కోట్ల టీకా డోసులు వేశారు. వైరస్ సోకడం ఆగలేదు. ఒకేసారి వేలమందికి ఆక్సిజన్ పడకలు కావలసిన పరిస్థితి మాత్రం తగ్గింది. ప్రభుత్వం చూసేదీ దాన్నే. 2021 ఏప్రిల్‌లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పిన కొలతలు రెండు: వారంలో చేసిన పరీక్షల్లో 10 శాతానికి మించి పాజిటివ్ రావడం, ఆక్సిజన్ లేదా ఐసీయూ పడకలు 60 శాతానికి మించి నిండటం. కాబట్టి టీవీలో కేసుల అంకె కనిపించినప్పుడు మీరు అడగవలసింది కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు ఆసుపత్రుల్లో పడకల సంగతి. అవి ఖాళీగా ఉన్నన్నాళ్లూ మీ కొట్టుకు తాళం పడుతుందని నేను అనుకోను.

అపోహ: ఆ చట్టాల గడువు అయిపోయింది, ఇక ఎవరూ మూయించలేరు.

ఈ మాట ధైర్యం చెప్పడానికి అంటారు, కానీ తప్పు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం రెండూ అమల్లోనే ఉన్నాయి. 2022 మార్చి 31తో ముగిసింది ఆ రెండో చట్టం కింద కొవిడ్ కోసం ఇస్తూ వచ్చిన ఆదేశాలు మాత్రమే. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించినా మన చట్టాలు రద్దు కాలేదు. పాత కొవిడ్ కొత్త రూపంలో వస్తే మూసివేత రాదని నా నమ్మకం. అసలు వేరే రోగం, మన ఒంటికి పరిచయం లేనిది వస్తే ఆ నమ్మకం పనికిరాదు. ఇది దాచి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఉత్తర్వుకు తేదీ, నంబరు, సంతకం ఉంటాయి. 2021 నాటి కాగితానికి తేదీ కత్తిరించి వాట్సాప్‌లో తిప్పినవి నా దగ్గరకు ఎన్నోసార్లు వచ్చాయి.

అపోహ: మూస్తే అందరికీ ఒకేలా మూస్తారు.

2021 జూన్ 21 నుంచి పది రోజులు రావులపాలెంలో ఉన్నవాళ్లకు ఇది అబద్ధమని కళ్లారా తెలుసు. రాష్ట్రమంతటా సాయంత్రం 6 వరకు సడలింపు ఇచ్చి, కేసులు ఎక్కువగా ఉన్నాయని తూర్పు గోదావరికి మాత్రం మధ్యాహ్నం 2 గంటల వరకే ఇచ్చారు. అప్పటికి జిల్లాల విభజన జరగలేదు. రావులపాలెం తూర్పులో, వంతెన అవతల సిద్ధాంతం పశ్చిమలో. మధ్యాహ్నం రెండు గంటలకు మా వీధిలో షట్టర్లు దిగేవి. వసిష్ఠ అవతలి గట్టున సాయంత్రం దాకా బేరాలు సాగేవి. జూలైలో రెండు గోదావరి జిల్లాలనూ ఒక గాటన కట్టి, పాజిటివ్ రేటు 5 శాతం లోపునకు తగ్గేదాకా రాత్రి 7 వరకే అన్నారు. మిగతా జిల్లాలకు 10 వరకు. ఆంక్ష అనేది జిల్లాను బట్టి, సరుకును బట్టి, గంటను బట్టి మారుతుంది. మీ సరుకు అత్యవసరాల జాబితాలో ఉందో లేదో ముందే తెలుసుకొని ఉండాలి.

జాబితాలో ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఈ విషయం రొయ్యల రైతుల పుస్తకాల్లో చూశాను. 2020 ఏప్రిల్ 10న కేంద్ర హోం శాఖ చేపలు, రొయ్యల పెంపకాన్ని, మేత తయారీని, హేచరీలను, ప్రాసెసింగ్‌ను పేరుపేరునా మినహాయించింది. అప్పటికి రెండు వారాలు గడిచాయి. చెరువు ఉత్తర్వుల కోసం ఆగదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గే వేళ ఏరేటర్లు తిరగాలి, వాటికి కరెంటో డీజిలో ఉండాలి, పూటపూటకూ మేత పడాలి. ప్లాంట్లలో రొయ్య ఒలిచే కూలీలు రాలేదు, ఐసు అందలేదు, లారీ కదలలేదు. ఉన్న సరుకు ఏమైపోతుందో అన్న బెంగతో 60 కౌంటుకు (కిలోకు 60 రొయ్యలు తూగే సైజుకు) పెంచవలసిన చెరువును 100 కౌంటులోనే పట్టేసినవాళ్లు ఉన్నారు. అందరూ ఒక్కసారి పట్టేసరికి ధర ఇంకా పడింది. మేత డీలర్ల పుస్తకాల్లో ఆ వేసవి బాకీలు రెండేళ్లు సాగాయి. మినహాయింపు కాగితం చేతిలో ఉండి కూడా దెబ్బతిన్న వ్యాపారం అది. దాళ్వా (రెండో పంట వరి) కోతలకూ అంతే: కోత యంత్రాలకు అనుమతి మార్చిలోనే వచ్చింది, హమాలీలూ గోనె సంచులూ దొరకక ధాన్యం కళ్లాల్లో ఉండిపోయింది.

అపోహ: మూస్తే వాయిదాలు, అద్దెలు ప్రభుత్వమే చూసుకుంటుంది.

ఎక్కువమంది మునిగింది ఇక్కడే. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చింది. అంటే వాయిదా వేయడం. మాఫీ అని విన్నవాళ్లు చాలామంది. 10 లక్షల అప్పుకు 10 శాతం వడ్డీ అయితే ఆరు నెలలకు 50 వేలు; ఆ డబ్బు ఎక్కడికీ పోదు, అసలు పక్కనే కూర్చుంటుంది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు కూడా వడ్డీ మొత్తం మాఫీ కుదరదనే చెప్పింది, వడ్డీ మీద పడిన వడ్డీని మాత్రమే వెనక్కి ఇమ్మంది. చేతిలో డబ్బు ఉండి కూడా కట్టకుండా ఆపుకున్న నా ఖాతాదారులు కొందరు సెప్టెంబరులో బ్యాంకు కాగితం పట్టుకొని వచ్చి, “ఇది ఎందుకు పెరిగిందండీ?” అని అడిగారు. వాళ్లకు ముందే గట్టిగా చెప్పలేకపోయానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కొవిడ్ కాలంలో కేంద్రం ఇప్పించిన హామీ రుణం సంగతీ అలాంటిదే. 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం వరకు కొత్త తాకట్టు లేకుండా అదనపు అప్పు ఇచ్చారు. ప్రభుత్వం హామీ ఇచ్చింది బ్యాంకుకు. తీసుకున్నవాడు తీర్చవలసిందే. ఆ పథకం 2023 మార్చి 31తో ముగిసింది, కనుక రేపు అవసరం వస్తే అది ఉంటుందని లెక్క వేసుకోవద్దు.

అద్దె విషయంలో ఢిల్లీ హైకోర్టు 2020 మే 21న ఇచ్చిన తీర్పు చదవదగినది. ఖాన్ మార్కెట్‌లోని ఒక కొట్టు అద్దెదారు, లాక్‌డౌన్ కనుక అద్దె నిలిపివేయమని అడిగాడు. కొంత గడువు ఇచ్చారు, అద్దె ఆపలేదు. అద్దె ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదే ముందు చూస్తామన్నారు. మన దగ్గర కొట్టు అద్దె ఒప్పందాల్లో సగం నోటిమాటలే. ఈసారి కాగితం రాసుకునేటప్పుడు, ప్రభుత్వ ఉత్తర్వుతో మూతపడితే అద్దె ఎంత అన్న ఒక్క వాక్యం పెట్టించండి.

బీమా? మామూలు అగ్నిప్రమాద పాలసీ రోగం వల్ల మూతపడిన రోజులకు రూపాయి ఇవ్వదు. పోయిన లాభానికి పరిహారం ఇచ్చే పాలసీ ఉన్నా సరుకుకో భవనానికో దెబ్బ తగలాలి. జీఎస్టీకి గడువులు పొడిగించారు తప్ప పన్ను వదలలేదు. అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాలి. 2020 జూన్ నుంచి సున్నా రిటర్నును ఫోన్ సందేశంతోనే పంపే వీలు వచ్చింది.

అపోహ: ప్రభుత్వం మూయించకపోతే వ్యాపారానికి ఢోకా లేదు.

2021 మేలో రోజూ ఆరు గంటల పాటు కొట్టు తెరవనిచ్చారు. కానీ తెరవడానికి మనిషి ఏడీ? గుమాస్తాకు జ్వరం, యజమాని అమ్మగారు ఆసుపత్రిలో, కొనేవాళ్లు ఇల్లు కదలరు. ముహూర్తాలు ఉన్నా పెళ్లి ఇంటి అరుగు మీద పదిమందితో కానిచ్చారు. ఆ వేసవిలో షామియానాలవాళ్ల అడ్వాన్సులన్నీ వెనక్కి పోయాయి.

కొత్తపేట వైపు హార్డ్‌వేర్ కొట్టు ఉన్న నా ఖాతాదారు ఒకరు ఆ నెలలోనే పోయారు. కర్మలు అయ్యాక ఆయన భార్య, ఇంటర్ చదువుతున్న కొడుకు నా దగ్గరకు వచ్చారు. పాలిథిన్ సంచిలోంచి ఆయన జేబు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది ఆవిడ. “మిల్లు బాబాయి 18. చెరువుగట్టు ఆయన 40. గుడి పని 7.” పేజీలన్నీ అలాగే. ఏ మిల్లు? నలభై వేలా, నాలుగు వేలా? ఆయనకు తెలుసు, ఆయన లేరు. ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్న బ్యాంకు క్యాష్ క్రెడిట్ (వ్యాపారానికి కావలసినప్పుడు వాడుకునే అప్పు) ఖాతా ఆగిపోయింది. జీఎస్టీ నంబరు ఆయన పేరుది. వారసుల పేర కొత్తది తీసుకొని, మిగిలిన పన్ను జమను దానికి మార్పించడానికి నెలలు పట్టింది. కొన్ని బాకీలు మనుషులే వచ్చి చెప్పి కట్టారు, దండం పెట్టాలి వాళ్లకు. మిగతావి రాలేదు. ఆ కొట్టును ఏ ఉత్తర్వూ మూయించలేదు, సంవత్సరం తిరగకుండా అమ్మేశారు.

అప్పటి నుంచి ఏప్రిల్‌లో కొత్త లెక్కలు మొదలుపెట్టేటప్పుడు ప్రతి ఖాతాదారునూ మూడు అడుగుతున్నాను. బాకీదారుల పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు పుస్తకంలో ఉన్నాయా? బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నారా? మీరు రెండు వారాలు మంచం పడితే కొట్టు తెరిచి లెక్క రాయగల రెండో మనిషి ఎవరు? దీనితో పాటు రెండు నెలల అద్దె, జీతాలకు సరిపడా డబ్బు సరుకులో పెట్టకుండా విడిగా ఉంచమంటాను. అందరికీ కుదరదు, ఒక నెలదైనా మేలే. ఇంట్లో పెద్దవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు మళ్లీ టీకా కావాలా అన్నది వాళ్లను చూసే డాక్టరును అడగండి.

రాజోలు బట్టల కొట్టాయన ఈసారి ఏప్రిల్‌లో భార్యను వెంటబెట్టుకొని వచ్చారు. ఆయన ఒక్కొక్క బాకీ చెబుతుంటే, ఊరు పేరుతో సహా ఆవిడ తన చేతిరాతతో కొత్త పుస్తకంలో ఎక్కించుకున్నారు. ముప్పై ఎనిమిది పేర్లు అయ్యేసరికి మధ్యాహ్నం అయింది.