చిగ్గర్ల పంచాంగం

చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు కట్టుకునే చోటో చిన్న నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో చురక పెట్టినట్టు ఉంటుంది. సాధారణంగా నొప్పి ఉండదు కాబట్టి రోగి దాని మాటే ఎత్తడు, వైద్యుడే ఒళ్లంతా వెతకాలి. తగ్గని జ్వరంతో, తలనొప్పితో వచ్చిన మనిషికి ఆ పక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ అనే బ్యాక్టీరియా జ్వరాన్ని వెంటనే అనుమానించాలి.

అది చిగ్గర్ కుట్టిన చోటు. సాలీడుకు దూరపు చుట్టమైన మైట్ అనే పురుగు పిల్లదశే చిగ్గర్. దాని పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు, కాళ్లు ఆరు. ఎనిమిది కాళ్ల పెద్ద మైట్ మట్టిలో కీటకాల గుడ్లు తింటూ బతుకుతుంది, మన జోలికి రాదు. పిల్ల మాత్రం ఒక్కసారి ఎలుకనో, దారిన పోయే మనిషినో పట్టుకుంటుంది. లాలాజలంతో చర్మాన్ని కరిగించి తాగుతుంది. ఆ లాలాజలంతోనే ఒరియెంషియా సుత్సుగముషి బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. జన్మలో ఒక్కసారే కుట్టే పిల్లకు ఆ బ్యాక్టీరియా ఎక్కడిది? తల్లి నుంచి, గుడ్డులోనే వచ్చింది. నాకు ఈ జబ్బులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

కుట్టేది పిల్లే కాబట్టి, గుడ్లు పగిలి పిల్లలు గడ్డి కొసలకు ఎక్కే కాలమే జబ్బు కాలం. దక్షిణ కొరియాలో అది అక్టోబరు, నవంబరు. భారతదేశంలో వానాకాలం నుంచి మొదలై, దక్షిణాన చలినెలల దాకా సాగుతుంది. దక్షిణార్ధగోళంలోని చిలీలో వేసవి, అంటే జనవరి, ఫిబ్రవరి. జపాన్ కథ మరీ విచిత్రం. ఒకప్పుడు అకిటా, యమగట, నీగట ప్రాంతాల్లో నదీతీరాల వెంట వేసవిలో వచ్చే భయంకరమైన జ్వరం ఇది. ఇప్పుడు వేరే జాతుల మైట్ల వల్ల శరదృతువులో ఎక్కువగా వస్తోంది. మంచు కురిసే ఈశాన్యంలో వసంతంలోనూ మరో ఉధృతి కనిపిస్తుంది. శరత్తులో పుట్టిన పిల్లలు చలికాలమంతా ఓపిక పట్టి, మంచు కరిగాక ఆహారం కోసం బయలుదేరడమే దానికి కారణం.

కుట్టాక జ్వరం రావడానికి 6 నుంచి 21 రోజులు పడుతుంది. అందుకే నిన్న ఎక్కడికి వెళ్లారని కాక, రెండు వారాల కిందట ఏ పొదల్లో, ఏ గడ్డిలో తిరిగారని అడగాలి. మన దగ్గర డెంగీ, మలేరియా కూడా ఇదే కాలంలో విజృంభిస్తాయి. అవి కావని తేలే లోపు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. పక్కు కూడా అందరిలో కనిపించదు. సకాలంలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే మాత్రం సాధారణంగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది.